600 సీసీ నుంచి 950 దాకా: బర్ట్ మన్రో ఇంజిన్ చెప్పే లెక్క

ఢిల్లీ మయూర్ విహార్‌లోనైనా, హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా 350 సీసీ బుల్లెట్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఇది: ఇంజిన్ విప్పించి, బోరు పెద్దది చేయించి, పెద్ద పిస్టన్ వేయిస్తే ఎలా ఉంటుంది? తెలుగునాట ఇంజిన్ బోరుకొచ్చిందంటే అరిగిపోయిందని, రిపేరు తప్పదని అర్థం. ఇది అది కాదు. బాగా నడుస్తున్న ఇంజిన్‌నే మరింత బలం కోసం తొలిపించడం. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా అన్నదే ప్రశ్న. ఒకే బండి మీద ఈ ప్రశ్నతో దాదాపు అర్ధశతాబ్దం గడిపిన మనిషి ఒకరున్నారు. ఆయనే న్యూజీలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో.

మన్రో అనగానే రాయలసీమవాళ్లకు దత్త మండలాల కలెక్టర్ థామస్ మన్రో గుర్తుకొస్తారు. ఈయన వేరు. ఈయన బండి పేరు 'ఇండియన్'. దానికీ మన దేశానికీ సంబంధం లేదు. అది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైన కంపెనీ.

1899 మార్చి 25న పుట్టిన హెర్బర్ట్ జేమ్స్ మన్రో, న్యూజీలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్‌కు దగ్గర్లోని ఈడెన్‌డేల్‌లో రైతు కుటుంబంలో పెరిగారు. 1920లో కొత్త ఇండియన్ స్కౌట్ కొన్నారు. రెండు సిలిండర్లు, 600 సీసీ, మూడు గేర్లు. కంపెనీ నుంచి వచ్చిన రూపంలో దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 89 కిలోమీటర్లు. 1926లో ఆయన దాని మీద చేయి వేశారు. ఆ పని ఆయన ముసలితనం దాకా ఆగలేదు.

డబ్బు పెద్దగా లేదు. పగలు మోటార్‌సైకిళ్లు అమ్మేవారు, రాత్రిళ్లు ఇంజిన్ విప్పేవారు. పిస్టన్లు కొనకుండా పాత డబ్బాల్లో లోహం పోసి తానే తయారుచేసుకున్నారు. సిలిండర్లు, ఫ్లైవీల్స్ కూడా సొంతంగా చేసుకున్నవే. కనెక్టింగ్ రాడ్లను చేత్తో చెక్కుకున్నారు. కొలతలకు మైక్రోమీటర్ బదులు చక్రం పుల్ల ఒకటి వాడారు. సిలిండర్ పక్కన ఉండే వాల్వులను పైకి మార్చారు. ఇంజిన్ గాలి పీల్చుకునే తీరును పూర్తిగా మార్చేసిన పని ఇదే. 1925లో పెళ్లి, నలుగురు పిల్లలు, 1947లో విడాకులు. తర్వాత ఉద్యోగం కూడా మానేసి బండితో పాటు షెడ్డులోనే కాపురం పెట్టారు. ఈ ఖర్చు ఏ మెకానిక్ ఇచ్చే బిల్లులోనూ కనిపించదు.

షెడ్డులో ఒక అర ఉండేది. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు, పనికిరాకుండా పోయిన భాగాలన్నీ అందులో పేర్చి, వేగ దేవుడికి నైవేద్యమన్న అర్థంలో దాని మీద రాసుకున్నారు. సరదాగా రాసుకున్నా, అసలు విషయం ఆ అరలోనే ఉంది. సిలిండర్ తొలిచి పిస్టన్ పెద్దది చేస్తే దాని బరువు పెరుగుతుంది, దాన్ని మోసే రాడ్డు మీద, బేరింగ్ మీద భారం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. రాడ్డు గట్టిది చేస్తే క్లచ్ జారుతుంది. క్లచ్ మారిస్తే బలహీనత ఇంకో చోట బయటపడుతుంది. బోరు పెంచడమంటే ఒక్క భాగం మార్చడం కాదు, తర్వాత ఏది విరుగుతుందో వెతుక్కోవడం.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బోన్‌విల్ ఉప్పు మైదానానికి ఆయన మొత్తం పదిసార్లు వెళ్లారు. మొదటిసారి చూడ్డానికే. అక్కడి అంకెల్లో ఒక విశేషం ఉంది. 1962లో, 63 ఏళ్ల వయసులో, 850 సీసీకి పెంచిన ఇంజిన్‌తో 883 సీసీ విభాగంలో గంటకు 288 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పారు. 1966లో ఇంజిన్ 920 సీసీ అయింది. రికార్డు మాత్రం గంటకు 270 కిలోమీటర్లే. పెద్ద ఇంజిన్‌తో వచ్చిన వేగం నాలుగేళ్ల కిందటి చిన్న ఇంజిన్ వేగం కంటే తక్కువ. అయినా రికార్డే, ఎందుకంటే ఇది 1000 సీసీ విభాగం. మన్రోకు సీసీ పెంచడంలో వేగంతో పాటు మరో ప్రయోజనం కూడా దక్కింది. కొత్త విభాగంలో పోటీకి తలుపు తెరుచుకుంది. మామూలు రోడ్డు మీద బండి నడిపేవాడికి అలాంటి తలుపేదీ లేదు.

1967లో 950 సీసీతో అదే విభాగంలో సగటున గంటకు 295 కిలోమీటర్లు దాటారు. అర్హత కోసం ఒకవైపు చేసిన పరుగులో గంటకు 305.89 కిలోమీటర్లు అందుకున్నారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు, బండికి 47.

ఇక్కడ చిన్న లెక్క వేయొచ్చు. 600 నుంచి 950 అంటే సుమారు 58 శాతం పెరుగుదల. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగం ఘనం చొప్పున పెరుగుతుంది. సీసీతో పాటు శక్తి కూడా అంతే పెరిగిందనుకున్నా, 89 కిలోమీటర్ల బండి 104 దగ్గర ఆగిపోవాలి. 104కీ 305కీ మధ్య ఉన్నదంతా వాల్వులు, క్యామ్‌లు, బండిని మొత్తంగా కప్పేసిన తొడుగు, నలభై ఏళ్ల ఓపిక. బోరు వాటా అందులో చిన్నది.

మయూర్ విహార్ బండి సంగతికొస్తే, పాత 350 సీసీ యూసీఈ బుల్లెట్ ఇంజిన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. కాంటినెంటల్ జీటీ 535 బోరు 87, స్ట్రోక్ అదే 90. కాగితం మీద తేడా 17 మిల్లీమీటర్లే కాబట్టి ఆశ పుడుతుంది. కానీ తూర్పు ఢిల్లీలో డీఎల్ 7 నంబరుతో నమోదైన ఆ బండి ఆర్సీలో సీసీ ఎంతో రాసి ఉంటుంది. ఆర్సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణతో, ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా వచ్చి చేరింది. థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా సీసీని బట్టే ఉంటుంది. 350 దాటితే రెట్టింపు పైమాటే. ఆర్సీలో 346, ఇంజిన్‌లో 535 ఉన్న బండి ప్రమాదానికి గురైతే బీమా కంపెనీతో వాదన ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా బ్రేకులు, టైర్లు 350వే. ఇక నగరపు సిగ్నళ్ల మధ్య ఆ అదనపు శక్తి బయటపడే చోటే తక్కువ. ఎక్కువ సీసీ కావాలనుకుంటే ఎక్కువ సీసీ బండి కొనుక్కోవడమే చవక.

మన్రోకు ఈ గొడవ లేదు. ఆయన ఉప్పు మైదానంలో నడిపారు, పడితే తానే పడ్డారు. పడిన సందర్భాలూ తక్కువేమీ కాదు. చివరి ఏళ్లలో గుండె జబ్బు వెంటాడింది. 1978 జనవరి 6న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రోజర్ డొనాల్డ్‌సన్ 1971లో ఆయన మీద డాక్యుమెంటరీ, 2005లో ఆంథొనీ హాప్‌కిన్స్‌తో సినిమా తీశారు. ఆ బండిని ఇన్వర్‌కార్గిల్‌లోని హేస్ హార్డ్‌వేర్ దుకాణంలో చూడొచ్చు.

2014లో ఆయన కొడుకు జాన్ 1967 నాటి కాగితాలు చూస్తూ సగటు లెక్కలో పొరపాటు పట్టుకున్నారు. అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ దాన్ని సరిదిద్ది, రికార్డును గంటకు 183.59 మైళ్ల నుంచి 184.087 మైళ్లకు పెంచింది. మన్రో చనిపోయిన 36 ఏళ్లకు, ఇంజిన్ మీద ఎవరూ చేయి వేయకుండానే, అర మైలు వేగం పెరిగింది.