హిమస్ఫటికాల ఛాయాగ్రాహకుడు

మన ప్రాంతంలో మంచు కురవదు. వేసవి వానలలో ఎప్పుడైనా వడగళ్ళు పడితే పిల్లలు దోసిళ్ళతో ఏరుకొని, అవి కరిగేలోగా నోట వేసుకొని సంబరపడతారు. అటువంటి క్షణభంగుర వస్తువును శాశ్వతంగా నిలపాలన్న కోరికతో ఒక రైతు దాదాపు 46 శీతకాలాలను వెచ్చించాడు. ఆయనే విల్సన్ బెంట్లీ.

బెంట్లీ 1865 ఫిబ్రవరి 9వ తేదీన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, జెరికో అనే గ్రామంలో జన్మించారు. తండ్రి వ్యవసాయదారుడు. తల్లి వివాహానికి పూర్వం ఉపాధ్యాయిని. పద్నాలుగేళ్ళ వరకు కుమారునికి ఇంటివద్ద విద్య నేర్పినది ఆమెయే. పదిహేనవ ఏట ఆమె ఇచ్చిన పాత సూక్ష్మదర్శినిలో మంచు రేణువును చూసిన నాటి నుండి ఆ బాలునికి మరొక ధ్యాస లేకపోయింది. చూసిన ప్రతి స్ఫటికాన్నీ కాగితంపై చిత్రించబూనాడు. కాని బొమ్మ సగమైనా కాకముందే స్ఫటికం కరిగిపోయేది. సూక్ష్మదర్శినికి అమర్చగల కెమెరా ఒక్కటే దీనికి ఉపాయమని గ్రహించి తల్లిదండ్రులను ప్రాధేయపడ్డాడు. దాని వెల సుమారు వంద డాలర్లు. పాడిపశువులపై ఆధారపడిన ఆ కుటుంబానికి అది సామాన్యమైన మొత్తం కాదు. తండ్రి అయిష్టంగానే అంగీకరించాడు. ఈ వ్యాపకమంతా వృథా కాలక్షేపమన్నది ఆయన అభిప్రాయం. ఎన్నో వైఫల్యాల అనంతరం 1885 జనవరి 15న తొలి ఛాయాచిత్రం సిద్ధించింది. అప్పటికి బెంట్లీ వయస్సు పంతొమ్మిదేళ్ళు.

ఆయన పనితీరు తెలుసుకోదగినది. ఇంటి వెనుక, నిప్పు సెగ లేని చల్లని గది ఆయన ప్రయోగశాల. మంచు కురిసేటప్పుడు నల్లరంగు వేసిన పలకను పట్టుకొని ఆరుబయట నిలిచేవారు. పలకపై వాలిన వాటిలో చెక్కుచెదరని స్ఫటికాన్ని ఎంచి, సన్నని పుల్లతో ఎత్తి, గాజుపలకపై ఉంచి, పక్షి ఈకతో మెల్లగా అదిమేవారు. ఊపిరి సోకినా శ్రమంతా నీరయ్యేది. అందుచేత శ్వాస బిగబట్టి పని సాగించేవారు. ఇట్లు ఐదువేలకు పైగా చిత్రాలు తీశారు. వాటిలో ఒకదానిని పోలినది మరొకటి ఆయనకు కనిపించలేదు.

మంచు కురవని దినాలలోనూ ఆయనకు విరామం లేదు. పాలు పితకడం, పొలం పనుల నడుమనే ప్రతిదినమూ వాతావరణ స్థితిని పుస్తకంలో నమోదు చేసేవారు. ఏ ఉష్ణోగ్రతలో, తుఫాను ఏ భాగంలో ఎటువంటి ఆకృతులు ఏర్పడుతున్నవో పోల్చి చూసేవారు. వాన చినుకుల పరిమాణాన్ని కొలవడానికి పళ్ళెంలో పిండి పరచి వర్షంలో పెట్టారు! చినుకు పడినచోట ఏర్పడిన పిండి ఉండను కొలిస్తే చినుకు పరిమాణం తెలిసేది. ఆ విధంగా చేసిన 344 కొలతలను 1904లో ప్రకటించారు.

విమర్శలూ తప్పలేదు. చిత్రంలో స్ఫటికం నల్లని నేపథ్యంపై స్పష్టంగా కనబడటానికి ఆయన నెగెటివ్ నకలుపై, ఆకృతి చుట్టూ ఉన్న పూతను చాకుతో గీకివేసేవారు. ఇది ప్రకృతి రూపాన్ని వికృతం చేయడమేనని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మన్ ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ కొంతవరకు సమంజసమే. గీకేటప్పుడు అంచు చెదిరే ప్రమాదం లేకపోలేదు. అయితే అసలు నెగెటివ్‌లను బెంట్లీ చెరపకుండా భద్రపరచారన్నది విస్మరించరాదు.

ధనం మాత్రం ఆయనకు దక్కలేదు. చిత్రాల గాజుపలకలను ఒక్కొక్కటి ఐదు సెంట్ల వంతున అమ్మేవారు. అవివాహితుడైన ఆయన పొరుగువారికి వింత మనిషిగానే మిగిలారు. 1924లో అమెరికన్ వాతావరణ శాస్త్ర సంఘం ఆయన పరిశోధనకు ఇచ్చిన సహాయం 25 డాలర్లు! భౌతిక శాస్త్రవేత్త హంఫ్రీస్ సహకారంతో 2,400లకు పైగా చిత్రాలు గల ఆయన గ్రంథం 1931 నవంబరులో వెలువడింది. జపానులో నకయా అనే శాస్త్రవేత్త ఆ గ్రంథంతో ఉత్తేజితుడై 1936లో ప్రయోగశాలలోనే కృత్రిమ హిమస్ఫటికాన్ని సృష్టించాడు.

అది చూడటానికి బెంట్లీ లేరు. గ్రంథం వెలువడిన కొద్ది వారాలకే మంచుతుఫానులో ఆరు మైళ్ళు నడిచి ఇల్లు చేరిన ఆయనకు న్యుమోనియా సోకింది. 1931 డిసెంబరు 23న తన వ్యవసాయ క్షేత్రంలోనే మరణించారు. దినచర్య పుస్తకంలో ఆయన చివరిసారి వ్రాసినది డిసెంబరు 7న. ఆనాటి మధ్యాహ్నం చల్లని ఉత్తరపు గాలి వీచిందనీ, మంచు ఎగురుతున్నదనీ అందులో నమోదు చేశారు.