ఈస్టరు నాటి శిశువు: అగస్టీను

వసంత విషువత్తు తరువాత వచ్చు తొలి పూర్ణిమ గడచిన ఆదివారము క్రైస్తవులకు ఈస్టరు పండుగ. సిలువపై మరణించిన ఏసుక్రీస్తు మూడవనాడు సమాధినుండి లేచెనని వారి విశ్వాసము. ఆ సంఘటనను స్మరించుటతోనే పండుగ ముగియదు. భక్తుడును తన పాత జీవితమునకు మరణించి క్రొత్త జీవితమునకు లేవవలెను. ప్రాచీన క్రైస్తవ సంఘములు బాప్తిస్మమునకు ఈస్టరు రాత్రిని ముఖ్యసమయముగా నెంచుటకు కారణ మిదియే. ఈ అర్థమును తన బ్రతుకున అనుభవించిన మహనీయుడు అగస్టీను.

ఆయన క్రీ. శ. 354లో ఉత్తరాఫ్రికాలోని తగాస్తె పట్టణమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు అల్జీరియా దేశమున నున్నది. తల్లి మోనికా క్రైస్తవ భక్తురాలు. కుమారుడు కార్తేజి నగరమున చదివి వక్తృత్వవిద్యను బోధించుచు, మానీ అను పారశీకుడు స్థాపించిన మతమును తొమ్మిదేండ్లు అనుసరించెను. తల్లి కన్నీటితో ప్రార్థించుచునే యుండెను.

384లో మిలాను నగరమున ఆచార్యపదవి లభించెను. చక్రవర్తిని స్తుతించుచు ఉపన్యసించుట ఆ పదవిలో నొక విధి. తన పలుకులు అసత్యములని వినువారికిని తెలియునని ఆయనయే పిమ్మట ఒప్పుకొనెను. లాభకరమగు వివాహము కుదిరినందున, పండ్రెండేండ్లకు పైగా తనతో కాపురము చేసిన స్త్రీని ఆఫ్రికాకు పంపివేసెను. కుమారుడు అదియోదాతుసు మాత్రము తండ్రివద్ద నిలిచెను. ఆమె పేరైనను ఆయన వ్రాసియుంచలేదు.

బిషప్పు ఆంబ్రోసు ప్రసంగములను మొదట వాగ్ధాటికై వినెను. క్రమముగా విషయము మనసున నాటుకొనెను. 386లో ఒకనాడు తోటలో విలపించుచుండగా, చదువుమని పలుకు బాలస్వర మొకటి పొరుగునుండి వినబడెను. పౌలు లేఖను తెరచి చదువగానే సంశయము తొలగెను. పదవిని విడిచెను. 387 ఏప్రిలు మాసమున, ఈస్టరు రాత్రి, కుమారునితోను మిత్రుడు అలిపియుసుతోను కలసి ఆంబ్రోసుచేత బాప్తిస్మము పొందెను. అప్పటికి ఆయన వయస్సు 32 ఏండ్లు.

ఆ పండుగ ఆయనను శోకమునుండి తప్పింపలేదు. ఆ యేడే స్వదేశమునకు మరలుచుండగా ఓస్టియా రేవున తల్లి కన్నుమూసెను. కొలది యేండ్లకే కుమారుడును గతించెను. వారిరువురి సంభాషణగా అగస్టీను రచించిన "బోధకుడు" అను గ్రంథము మిగిలినది. మాటలు తమంతట తాము జ్ఞానము నీయజాలవనియు, సత్యము లోపలినుండి బోధించుననియు అందలి సారము. అందు కుమారుని భావములుగా చెప్పినవన్నియు నిజముగా అతనివేయని తండ్రి సాక్ష్యమిచ్చెను.

391లో హిప్పో నగరమున మతగురువై, కొలది యేండ్లకు బిషప్పయ్యెను. ఏటేట ఈస్టరునాడు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారికి బోధించెను. వయస్సుతో నిమిత్తము లేక వారిని శిశువులని పిలుచుట ఆచారము. ఆ లాటిను పదమునకు మాటలాడనేరనివాడని వ్యుత్పత్తి. మాటలతో జీవించిన ఆచార్యుడు మిలానులో ఆ రాత్రి అట్టి శిశువుగనే మరల మొదలిడెను గదా!

410లో గాత్ జాతివారు రోమును కొల్లగొట్టిన పిదప ఆయన "దేవుని నగరము" అను 22 సంపుటముల గ్రంథమును రచించెను. అందు చివరి సంపుటమున పునరుత్థానమును విపులముగ చర్చించెను. 430లో వాండలు జాతివారు హిప్పోను ముట్టడించియుండిరి. ఆయన పశ్చాత్తాప కీర్తనలను పడకచెంత గోడపై నుంచుకొని కన్నీటితో చదువుకొనుచు ఆగస్టు 28న మరణించెను.

బాప్తిస్మము పొందిన నలుబది మూడేండ్ల తరువాతను ఆ వృద్ధుడు పశ్చాత్తాపమును మానలేదు. పాత మనిషి ఒక్క రాత్రితో పూర్తిగా మరణింపడు, నిత్యము లేచుచుండవలెను. ఈస్టరునకు అగస్టీను జీవితము చెప్పిన భాష్య మిదియే.