జె.బి.ఎస్.హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడిగా మరణించిన ప్రముఖ శాస్త్రవేత్త. జీవపరిణామానికి గణితాన్ని అన్వయించిన వారిలో ఒకడిగా ఈయన ప్రసిద్ధుడు. నీటి అడుగున శ్వాసక్రియను గురించి తన శరీరంపైనే జరుపుకొన్న ప్రయోగాలు అంతకంటే తక్కువవేమీ కావు.

బాల్యం

ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రవేత్త. లోతునుండి ఒక్కసారిగా పైకి వచ్చే గజఈతగాళ్ళ రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడతాయి. అందుచేత మధ్యమధ్య ఆగుతూ పైకి రావలసిన పద్ధతిని తండ్రి 1908లో పట్టికలుగా ప్రకటించాడు. ఆ పరిశోధనల కాలంలో, 1906లో, పదమూడేళ్ళ కుమారుడు కూడా స్కాట్లండు తీరాన సముద్రంలోకి దిగాడు. దుస్తులు వదులై లోనికి నీరు చేరినా క్షేమంగా బయటపడ్డాడు.

థెటిస్ ప్రమాదం

1939 జూన్ 1న థెటిస్ అనే జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతంలో మునిగి 99 మంది మరణించారు. నలుగురే బయటపడ్డారు. కార్మిక సంఘాల కోరికపై హాల్డేన్ కారణాలను పరిశీలించాడు. సహచరులతో కలిసి ఉక్కు గదిలో కూర్చొని, కార్బన్ డయాక్సైడు పెరిగేకొద్దీ మనిషి ఏమవుతాడో స్వయంగా అనుభవించి చూశాడు. తరువాత యుద్ధకాలంలో నౌకాదళం కోసం అధిక పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాడు. ప్రాణం నిలిపే ఆ వాయువే పీడనం పెరిగితే మూర్ఛ తెప్పిస్తుంది. అటువంటి మూర్ఛలో ఆయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. నీటిలో అయితే మూర్ఛ అంటే మునిగిపోవడమే.

సిలిండర్ల పేర్లు

ఈతగాడు వీపున కట్టుకొనే సిలిండరును మన పత్రికలు తరచు ఆక్సిజన్ సిలిండరు అని వ్రాస్తాయి. ఇది సరికాదు. కూస్తో, గాన్యాన్ 1943లో రూపొందించిన ఆక్వాలంగ్ మొదలుకొని సాధారణంగా అందులో ఉండేది ఒత్తిడితో నింపిన మామూలు గాలి. ఆక్సిజన్ పాలు గాలిలోని 21 శాతం కంటే ఎక్కువైతే నైట్రాక్స్, హీలియం కూడా కలిపితే ట్రైమిక్స్ అంటారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ సిలిండరు వేరు. దానిని సాధారణంగా 6 మీటర్లకు మించిన లోతులో వాడరు. వాడుకను బట్టి కూడా పేర్లున్నాయి: వీపున ఉండే ప్రధాన సిలిండరులోనిది బ్యాక్ గ్యాస్, పక్కన తగిలించుకొనేది స్టేజ్, ఆపదకు ఉంచుకొనేది బెయిలవుట్, వాటిలో చిన్నది పోనీ. ఈ పేర్లు హాల్డేన్ పెట్టినవి కావు. కాని లోపలి వాయువేదో సిలిండరుపై స్పష్టంగా వ్రాయకపోతే ఏమవుతుందో ఆయన ప్రయోగాలు తెలిపాయి.

భారతదేశంలో

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చి భారత గణాంక సంస్థలో చేరాడు. 1961లో భారత పౌరసత్వం పొందాడు. పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు ఈయన శిష్యుడు. గురువుపై గ్రంథాలు రచించాడు. తరువాత హాల్డేన్ భువనేశ్వర్‌లో స్థిరపడి, క్యాన్సరుతో అక్కడే మరణించాడు. జీవితమంతా ప్రయోగాలకు గురిచేసిన తన దేహాన్ని వైద్యవిద్యకు ఉపయోగించమని వీలునామా వ్రాశాడు. అందుకు ఎంచుకొన్నది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల.