అలెగ్జాండర్ హంబోల్ట్

దక్షిణ అమెరికాలో, నేటి వెనిజులా దేశంలో, అరాగువా అనే లోయ ఉంది. ఆ లోయలోనిదే వలెన్సియా సరస్సు. చుట్టూ ఉన్న కొండల మీది నుంచి వాగులు, ఏరులు వచ్చి ఇందులో కలుస్తాయి. కాని ఇందులోని నీరు సముద్రానికి పోయే దారి ఆ రోజుల్లో లేదు. అలుగు లేని చెరువు వంటిదన్నమాట. 1800వ సంవత్సరంలో అక్కడికి వచ్చిన ఒక జర్మన్ యువకుడు ఆ ప్రాంతంవారి ఆందోళనను విన్నాడు. ఏటేటా సరస్సు తరిగిపోతున్నది. ఒకప్పుడు నీట మునిగిన నేల ఇప్పుడు అరటి తోటలు, చెరకు పొలాలు అయింది. నీటి నడుమ కొత్త దీవులు బయటపడ్డాయి. సరస్సు అడుగున ఎక్కడో బిలం ఉందనీ, నీరు దానిగుండా జారిపోతున్నదనీ అక్కడివారు నమ్మేవారు. ఆ మాట విని ఊరుకోని ఆ యువకుడే అలెగ్జాండర్ హంబోల్ట్.

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రిని పోగొట్టుకొన్నాడు. తల్లి కోరిక మేరకు చదువు ముగించి గనుల శాఖలో అధికారిగా చేరాడు. గని కార్మికుల కోసం సొంత డబ్బుతో ఒక పాఠశాల పెట్టాడు. చెడుగాలి చేరిన చోట కూడా ఆరిపోని దీపాన్ని తయారుచేసి, దానిని పరీక్షించబోయి గనిలో స్పృహ తప్పి పడిపోయాడు కూడా! 1796లో తల్లి మరణించింది. తన వాటాకు వచ్చిన ఆస్తితో, ఉద్యోగం మానివేసి, 1799 జూన్‌లో బోంప్లాన్ అనే మిత్రునితో కలిసి స్పెయిన్ నుంచి ఓడ ఎక్కాడు.

వలెన్సియా సరస్సు దగ్గర హంబోల్ట్ బిలం కోసం వెదకలేదు. కొండల వైపు చూశాడు. నీలిమందు, చెరకు, పత్తి పంటల కోసం అక్కడి అడవులను నరికివేశారు. వాగుల నీటిని పొలాలకు మళ్ళించారు. ఎండకు ఎంత నీరు ఆవిరవుతుందో కూడా అతడు అంచనా వేశాడు. చెట్లు నేలకు నీడనిస్తాయి, ఆకులగుండా గాలికి తేమనిస్తాయి, వాన నీటిని నేలలో ఇంకనిస్తాయి. చెట్లు లేని కొండ మీద పడిన వాన ఒక్కసారిగా వరదై, మట్టిని కోసుకొని పోతుంది. ఆ తరువాత వాగు ఎండిపోతుంది. సరస్సు తరగడానికి ఇది చాలు, బిలంతో పని లేదని అతడు తేల్చాడు.

ఈ నిర్ణయానికి చాలాకాలం కాకముందే ఒక పరీక్ష ఎదురైంది. స్వాతంత్ర్య యుద్ధాల వల్ల ఆ లోయలో సేద్యం మూలపడింది. బీళ్ళలో మళ్ళీ అడవి పెరిగింది. మళ్ళించిన వాగులు తిరిగి సరస్సులోకి పారాయి. 1822లో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసింగో సరస్సు నీటిమట్టం పెరిగి ఉండడం చూశాడు.

1802లో హంబోల్ట్ చింబొరాజో పర్వతాన్ని ఎక్కాడు. శిఖరం చేరలేకపోయాడు. కాని పైకి పోయినకొద్దీ చెట్టుచేమలు ఎలా మారుతున్నాయో వరుసగా గుర్తించాడు. 1804లో ఐరోపాకు తిరిగివచ్చి ఆ వివరాలను గ్రంథాలుగా ప్రకటించాడు. సమాన ఉష్ణోగ్రత గల ప్రదేశాలను కలిపే రేఖలను పటం మీద గీసే పద్ధతిని 1817లో ప్రవేశపెట్టాడు. నేటి శీతోష్ణస్థితి పటాలలో మీరు చూసే రేఖలు అవే.

ఆయనకు మన దేశానికి రావాలని, హిమాలయాలను కొలవాలని ఎంతో కోరిక. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఈస్టిండియా కంపెనీ అనుమతి ఇవ్వలేదు. వలస పాలనను, బానిస వ్యాపారాన్ని ఆయన తన రచనల్లో ఖండించడమే ఇందుకు కారణం కావచ్చునని పలువురి ఊహ. ఆ కోరిక తీరకపోగా, 1829లో రష్యా మీదుగా ఆల్టాయ్ పర్వతాల వరకు వెళ్ళివచ్చాడు.

ప్రయాణాలకు, పుస్తకాల అచ్చుకు ఆస్తి అంతా కరిగిపోయింది. ముసలితనంలో ప్రష్యా రాజు కొలువులో ఉంటూ, రాత్రివేళల్లో రాసుకొనేవాడు. విశ్వమంతటినీ ఒకే గ్రంథంలో వివరించాలన్న సంకల్పంతో రాసిన 'కాస్మాస్' మొదటి సంపుటం 1845లో వెలువడింది. అయిదవ సంపుటం ఇంకా రాస్తూండగానే, 1859 మే 6న, తన 89 ఏళ్ళ వయసులో, పుట్టిన ఊరు బెర్లిన్‌లోనే కన్నుమూశాడు. ఆ అసంపూర్ణ సంపుటాన్ని 1862లో ప్రచురించారు.