తను కట్టించిన గుడిలో తనకే పాట లేదన్నారు: బెంగుళూరు నాగరత్నమ్మ గారు

మన సంఘాల్లో భజనలు పాడే అక్కలకి త్యాగరాజ కీర్తన ఒక్కటైనా వచ్చే ఉంటుంది. ఆయన పాడింది తెలుగులో, బతికింది తమిళనాడులోని తిరువయ్యారులో. 1847లో ఆయన పోయాక కావేరి ఒడ్డున సమాధి చేశారు. ఇవాళ ఆ సమాధి మీద గుడి ఉందంటే అది ఒక ఆడమనిషి సంపాదనతో లేచిందే.

నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కుటుంబం మనిషి. తండ్రి వకీలు. బిడ్డ చిన్నగా ఉండగానే ఇద్దర్నీ వదిలేశాడు. తల్లి మైసూరులో ఒక సంస్కృత పండితుణ్ణి ఆశ్రయించి కూతురికి చదువు చెప్పించింది. పిల్ల చురుకుదనం చూసి ఓర్వలేక ఆయనే ఆ చదువు మాన్పించాడు. కూతుర్ని విద్వాంసురాలిని చేశాకే మళ్ళీ మైసూరులో అడుగుపెడతానని పుట్టలక్ష్మి ఒట్టు పెట్టుకుని ఊరు విడిచింది. బెంగుళూరులో సంగీతం, నాట్యం నేర్పించింది. కూతురికి ఇంకా చిన్న వయసుండగానే ఆ తల్లి కూడా పోయింది.

తర్వాత మద్రాసు చేరి కచేరీలు చేశారు. ఆడ కళాకారుల్లో ఆదాయపు పన్ను కట్టింది మద్రాసులో ముందు ఈవిడేనని చెబుతారు.

పాటతో పాటు తెలుగు సాహిత్యమూ బాగా చదివారు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం అప్పటికే అచ్చయింది గానీ, అందులో కొన్ని పద్యాలు తీసేశారు. నాగరత్నమ్మ గారు రాతప్రతి వెతికి, పరిష్కరించి, 1910లో వావిళ్ళ వారి చేత పూర్తి పుస్తకం వేయించారు. కందుకూరి వీరేశలింగం గారంతటి వారు ఆ కావ్యాన్ని తప్పుపట్టారు. మగ కవులు శృంగారం రాస్తే లేని తప్పు ఆడది రాస్తే ఎలా వచ్చిందని ఈవిడ వాదన. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 30 ఏళ్ళు దాటాక, టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం వచ్చాకే ఆ నిషేధం పోయింది.

1921లో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. త్యాగరాజ స్వామి సమాధి పాడుబడి ఉందని. ఈవిడ నగలు అమ్మారు, చుట్టూ స్థలం సంపాదించారు, గుడి కట్టించారు. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది.

అక్కడ అప్పటికే ఏటా ఆరాధన జరుగుతోంది, అదీ రెండు వర్గాలుగా. ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఆడవాళ్ళు పాడకూడదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట! గుడి కట్టించిన మనిషికీ అదే కట్టుబాటు.

ఆవిడ అలిగి ఇంటికి పోలేదు. 1927లో ఆడవాళ్ళని కూడగట్టి మూడో జట్టు పెట్టారు. ముందు చోటు ఇవ్వకపోతే గుడి వెనక కూర్చుని పాడారు. ఏటేటా పాడారు. గుడి తన డబ్బుతో కట్టింది కాబట్టే పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయిందని నాకనిపిస్తుంది. స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయన్నది చిన్న సంగతి కాదు కదా. చివరికి జట్లన్నీ ఒక్కటయ్యాయి. 1941 నుంచి ఆరాధన అందరిదీ కలిపి జరిగింది, ఆడవాళ్ళూ పాడారు.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. ఇవాళ ఒప్పుకున్నవాళ్ళు రేపు కాదనవచ్చు. 1949లో వీలునామా రాసి ఆస్తిని ట్రస్టుకి అప్పజెప్పారు. సమాధి దగ్గర ఆడవాళ్ళు, దేవదాసీలు సహా, పూజ చేసుకోవడానికీ పాడడానికీ ఎవరూ అడ్డు చెప్పకూడదని అందులో షరతు పెట్టారు. 1952 మేలో తిరువయ్యారులోనే కన్నుమూశారు.

మీలో ఎవరైనా అటు యాత్రకి వెళ్తే త్యాగరాజ స్వామికి దండం పెట్టుకుని వెనక్కి తిరిగి చూడండి. ఆయన సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహం ఆవిడదే.