రెండుసార్లు మారిన పండిత రమాబాయి

షోలాపూర్ నుంచి పుణె వెళ్ళే రైలు దౌండ్ దాటాక కేడ్‌గావ్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. చాలా ఎక్స్‌ప్రెస్ బళ్ళు అక్కడ ఆగవు. మనవాళ్ళు తరాలుగా ఆ దారినే తిరుగుతున్నారు గాని, ఆ ఊళ్ళో ఉన్న ముక్తి మిషన్‌ని స్థాపించింది ఎవరని అడిగితే సగంమంది చెప్పలేరు. ఆమె పండిత రమాబాయి.

ఈమధ్య మన సంఘం గ్రంథాలయంలో ఇద్దరు పెద్దలు వాదించుకున్నారు. ఇద్దరూ క్రైస్తవులే. మనిషి తానే ఆలోచించుకుని క్రీస్తు దగ్గరికి వస్తాడని ఒకరు, ముందు దేవుని కృప తాకనిదే ఎవడూ రాలేడని ఇంకొకరు. ఈ తగువు కొత్తదేమీ కాదు. 5వ శతాబ్దంలో అగస్టీను, పెలాగియస్‌ల మధ్య నడిచిందీ ఇదే. నేను వేదాంతిని కాను, క్రైస్తవుణ్ణీ కాను. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. అందులో మతం అని ఒక గడి ఉంటుంది. గెజెట్ కాపీ జతచేస్తే దాన్ని కొట్టేసి ఎర్రసిరాతో కొత్తది రాసేవాళ్ళం. అది మతమార్పిడి. మన తెలుగు క్రైస్తవులు మారుమనస్సు అనేది వేరే. రమాబాయి జీవితంలో ఈ రెంటికీ మధ్య 8 ఏళ్ళు గడిచాయి. అందుకే ఆమె కథ చెబుతానని ఆ పెద్దలకు మాట ఇచ్చాను.

ఆమె 1858 ఏప్రిల్ 23న, ఇప్పటి కర్ణాటకలో, పశ్చిమ కనుమల అడవిలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆడవాళ్ళకు సంస్కృతం చెప్పకూడదనే రోజుల్లో భార్య లక్ష్మీబాయికి చెప్పాడు. ఆ తల్లే రమాబాయికి భాగవతం కంఠస్థం చేయించింది. ఇల్లూ వాకిలీ లేదు. ఊరూరా తిరిగి గుళ్ళల్లో పురాణం చెప్పుకుని, ఇచ్చింది తీసుకుని బతికారు.

1874 ప్రాంతంలో కరువు వచ్చింది. ఉన్నదంతా దానాలకూ పూజలకూ ఖర్చయింది. కూలిపని చేయడం తెలియదు, చేయి చాచడం చేతకాదు. అడవిలో ఆకులూ నీళ్ళూ తిని రోజులు గడిపారు. తండ్రి జలసమాధికి సిద్ధపడితే, నేను కూలి చేస్తానని కొడుకు శ్రీనివాస్ ఆపాడు. అయినా తండ్రి దక్కలేదు. కొద్ది నెలలకే తల్లీ పోయింది. ఆమె జ్వరంతో పడి ఉండగా రమాబాయి ఒక ఇంటి ముందు నిలబడి, నోరు పెగలక ఏడ్చి, ఒక సజ్జరొట్టె ముక్క తెచ్చారు. తల్లి దాన్ని మింగలేకపోయింది. తర్వాత అక్క కూడా పోయింది. ఇంత పూజ చేస్తే ఇదా ఫలితం అని అన్నాచెల్లెళ్ళ నమ్మకం అక్కడే సడలింది. గుర్తుంచుకోండి, అప్పటికి ఆమెకు క్రైస్తవం గురించి దాదాపు ఏమీ తెలియదు.

ఇద్దరూ కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు పరీక్షించి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ వకీలును రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. కులం వేరు, భాష వేరు. ఆయన పుస్తకాల్లో బెంగాలీలో ఉన్న లూకా సువార్త ఆమె కంటబడింది. ఒక మిషనరీ ఇంటికొచ్చి ఆదికాండం వివరిస్తుంటే ఇష్టంగా విన్నారు. భర్తకు అది నచ్చలేదు. 1882లో కలరాతో ఆయనా వెళ్ళిపోయాడు. చేతిలో ఏడాది నిండని మనోరమ.

పుణె వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టారు. హంటర్ కమిషన్ ముందు ఆడవాళ్ళకు టీచర్లూ, లేడీ డాక్టర్లూ కావాలని సాక్ష్యమిచ్చారు. తానే వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు బయల్దేరారు. చెవుడు వల్ల ఆ చదువు కుదరలేదు. క్రైస్తవురాలిని కానని ఇక్కడ అందరికీ చెప్పి వెళ్ళిన మనిషి, అదే సంవత్సరం సెప్టెంబర్ 29న వాంటేజ్‌లో కూతురితో సహా బాప్తిస్మం తీసుకున్నారు.

ఎందుకు? లండన్ ఫుల్హాంలో, చెడిపోయారని లోకం వెలివేసిన ఆడవాళ్ళను సిస్టర్లు చేరదీయడం చూశారు. ఎందుకు చేస్తున్నారని అడిగితే, బావి దగ్గర సమరయ స్త్రీతో క్రీస్తు మాట్లాడిన ఘట్టం చదివి వినిపించారు. రమాబాయి తూచి చూసుకుని నిర్ణయించుకున్నారు. అంటే ఇది పూర్తిగా ఆమె ఎంపిక. దాన్ని ఎవరి చేతికీ అప్పగించలేదు కూడా. త్రిత్వం మీద సిస్టర్ జెరాల్డిన్‌తో ఉత్తరాల్లో వాదించారు. శిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఉండకూడదా అన్నారు. శాకాహారం మానలేదు. చర్చి పెద్దలకు ఈమె గర్విష్ఠిగా కనిపించింది. నాకైతే తండ్రి కూతురిగానే కనిపిస్తుంది.

తర్వాత అమెరికా వెళ్ళి, 1887లో అగ్రకుల హిందూ స్త్రీ గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసి చందాలు కూడగట్టారు. 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడు అది పుణెకు మారింది. ఎవరి మతం జోలికీ వెళ్ళమని షరతు.

ఇక రెండో మార్పు. బాప్తిస్మమై 8 ఏళ్ళు గడిచాక, 1891 ప్రాంతంలో, తనకు క్రైస్తవ మతం దొరికిందిగాని క్రీస్తు దొరకలేదని ఆమెకు అనిపించింది. ఆ సమయంలో విలియం హాస్లం అనే ఇంగ్లీషు పాదిరీ ఆత్మకథ చదివారు. ఏళ్ళ తరబడి చర్చిలో పనిచేసిన ఆ పాదిరీ, ఒకనాడు తన ప్రసంగం తానే చేస్తూ చేస్తూ మారుమనస్సు పొందాడు! రమాబాయికి అది తన కథలాగే తోచింది. తాను చదివి, వాదించి, ఎంచుకున్నదేదీ తనను రక్షించలేదనీ, ముందు మంచిదాన్నై తర్వాత దేవుని దగ్గరికి వెళ్ళాలనుకోవడమే పొరపాటనీ, అది ఉచితంగా ఇచ్చేదనీ ఆమె తెలుసుకున్నారు. తర్వాత రాసుకున్న సాక్ష్యంలో ఆమె ఎక్కువ విలువ ఇచ్చింది దీనికే.

కాని ఈ మార్పు ఇంటి గోడల మధ్య ఆగలేదు. తెల్లవారుజామున ఆమె తలుపు తెరిచి ప్రార్థన చేసుకునేవారు, ఇష్టమున్న పిల్లలు వచ్చి కూర్చునేవారు. పుణె భగ్గుమంది. తిలక్ కేసరి విరుచుకుపడింది. 1893లో రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు. నేనెవరినీ బలవంతపెట్టలేదు, నా తలుపు మూసుకోను అన్నది రమాబాయి మాట. ఆశ్రయమిచ్చిన చెయ్యే ప్రార్థిస్తుంటే ఆ పసిపిల్ల కాదనగలదా అన్నది ఊరి మాట. రెండూ కొట్టిపారేసేవి కావు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. శారదా సదన్ మొదటి విద్యార్థినుల్లో ఒకరైన గోదూబాయి అనే వితంతువు క్రైస్తవంలోకి పోలేదు. 1893లోనే ధోండో కేశవ్ కర్వేను పెళ్ళాడి, ఆయన స్త్రీవిద్యా ఉద్యమానికి తోడునీడగా నిలిచారు.

ఆ తర్వాత కేడ్‌గావ్. 1897లో మధ్య పరగణాల కరువు నుంచీ, తర్వాత గుజరాత్ కరువు నుంచీ వందలమంది ఆడపిల్లల్ని తెచ్చారు. 1900 నాటికి ముక్తిలో దాదాపు 2000 మంది. వాళ్ళను చూస్తే ఆమెకు ఆ సజ్జరొట్టె గుర్తుకు రాకుండా ఉంటుందా? వాళ్ళలో చాలామంది క్రైస్తవులయ్యారు. అన్నం పెట్టి మార్చారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కడుపు నిండినవాడికి ఉన్నంత ఎంపిక ఆకలిగా ఉన్న పిల్లకు ఉండదు, నిజమే. ఆమె అన్నం పెట్టకపోతే ఆ పిల్లకు ఏ ఎంపికా మిగిలేది కాదు, అదీ నిజమే.

1905లో ముక్తిలో పెద్ద ఉజ్జీవం వచ్చింది. పిల్లలు గంటల తరబడి ఏడుస్తూ ప్రార్థించారు. అది పరిశుద్ధాత్మ పని అని ఆమె నమ్మిక. అయితే అంతకు ముందు నెలల తరబడి ప్రార్థన గుంపులు పెట్టి దాన్ని అడిగిందీ ఆమే. మన ఇద్దరు పెద్దల్లో ఎవరు గెలిచినట్టో మీరే చూసుకోండి.

చివరి పదిహేనేళ్ళకు పైగా హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలోకి తెచ్చే పనిలో ఉన్నారు. అక్షరాలు కూర్చిందీ, అచ్చు వేసిందీ ముక్తి ఆడవాళ్ళే. 1921 జులైలో మనోరమ పోయింది. 1922 ఏప్రిల్ 5న, 63 ఏళ్ళ వయసులో, కేడ్‌గావ్‌లోనే రమాబాయి కన్నుమూశారు. ముక్తి మిషన్ ఇప్పటికీ అక్కడే ఉంది. ప్యాసింజరు బండి ఎక్కితే దిగి చూసి రావచ్చు.