గురువులకు గురువైన పెస్టాలజీ

బిడ్డలకు చదువు చెప్పు పంతులుగారిని గూర్చి ఊరిలో ప్రతివారును ఏదో ఒక మాట అందురు. కొందరు మంచి పంతులందురు, కొందరు చేతకాని పంతులందురు. అయితే ఆయన చెప్పు పాఠమును దగ్గర కూర్చుండి విని, ఇది బాగున్నది, దీనిని ఇట్లు చెప్పిన ఇంకను బాగుండునని ప్రేమతో తెలుపువారు ఎందరు? ఉపాధ్యాయునిలో పుట్టుకతోనున్న తలాంతు మట్టిలో పాతిపెట్టబడక వృద్ధి పొందవలెనన్న అట్టివారు కావలెను. ఈ సంగతిని తన పనిలో కనుపరచిన యోహాన్ హైన్‌రిఖ్ పెస్టాలజీ జీవితమును ఈ మాసము మన పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

పెస్టాలజీ స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ పట్టణములో 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన పుట్టెను. తండ్రి వైద్యుడు. బాలునికి ఐదేండ్ల ప్రాయమున, 1751లో, ఆ తండ్రి గతించెను. మరణశయ్య మీదనున్న యజమానునికి మాట ఇచ్చిన బాబెలి అను పనికత్తె ఆ విధవరాలిని పిల్లలను విడిచిపోక, కానికి కాని కూర్చి ఆ యింటిని నిలువబెట్టెను. తాతగారు హోంగ్ అను గ్రామములో సంఘకాపరి. బాలుడు ఆయన వెంట బీదల యిండ్లకును బడికిని వెళ్లుచు, పల్లె బిడ్డల దురవస్థను కన్నులార చూచెను. ఆ చూపు ఆయనను జీవితాంతము విడువలేదు.

1769లో అన్నా షుల్తెస్ అను ఆమెను వివాహమాడి, బిర్ గ్రామము దగ్గర నాయ్‌హోఫ్ అను చోట సేద్యము మొదలుపెట్టెను. సేద్యము కలిసి రాలేదు. 1774లో బీదబిడ్డలను ఆ యింటనే చేర్చుకొని, చేతిపనితో కూడ చదువు నేర్పెను. చేతిలో డబ్బు లేక 1780లో అదియు మూతపడెను. పిమ్మట 1781లో వ్రాసిన లియోనార్డు, గెర్ట్రూడు అను కథ వలన పేరు వచ్చెను గాని, ఆయన హృదయము బడి మీదనే యుండెను.

1798లో ఫ్రెంచి సైన్యము స్టాన్స్ అను ఊరిని పాడుచేయగా అనేకమంది బిడ్డలు దిక్కులేనివారైరి. 1799 జనవరిలో పెస్టాలజీ అక్కడ సుమారు 80 మంది బిడ్డలను చేర్చుకొని, ఇంటి పనికి ఒక స్త్రీ తప్ప వేరే తోడు లేక, తానే తల్లియు తండ్రియు గురువును ఆయెను. ఆరు నెలలైనను నిండకముందే సైన్యము ఆ కట్టడమును ఆసుపత్రికి తీసికొనెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. మనలో అనేకులు ఇక చాలునని కూర్చుండు వయస్సది.

ఆయన కూర్చుండలేదు. బర్గ్‌డార్ఫ్ అను పట్టణమునకు వెళ్లి, చెప్పులు కుట్టుకొనుచు బడి నడుపు ఒకని యొద్ద చిన్నపిల్లలకు పాఠములు చెప్ప నారంభించెను. ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. పెస్టాలజీ చేతివ్రాత మంచిది కాదు. లెక్కలయందు గట్టివాడు కాడు. బొమ్మ గీయుట రాదు. తరగతిలో పాఠము మొదలుపెట్టిన యెడల వేళను మరచి, గొంతు బొంగురుపోవువరకు చెప్పుచునే యుండెడివాడని ఆయన శిష్యుడైన రామ్‌సౌయర్ తరువాత వ్రాసియున్నాడు. మరి ఇట్టివాడు గురువులకు గురువు ఎట్లాయెను? తన కొరతలను దాచుకొనక, తనకు లేని తలాంతు ఇతరులలో ఉన్నదని కనిపెట్టి, దానిని వెలికి తీయుట వలననే.

క్రూసి సంగతి దీనికి సాక్ష్యము. హెర్మన్ క్రూసి గైస్ అను కొండపల్లెలో 1775లో పుట్టిన బీదవాడు. నూలు మూటలను వీపున మోసికొని కొండ దాటుచు కూలి సంపాదించెడివాడు. ఒక దినమున దారిలో ఒక అధికారి అతనిని కలిసికొని, ఊరి బడిపంతులు వెళ్లిపోయెననియు ఆ పనికి ప్రయత్నింపుమనియు ప్రోత్సహించెను. 1793లో జరిగిన పరీక్షలో ప్రభువు ప్రార్థనను వ్రాసి చూపుమనిరి. అంతకుమించి అతనికి చదువు గాని, బడి నడుపు తర్ఫీదు గాని లేదు. అయినను పని దొరికెను. ఒక చిన్న గదిలో నూరుమందికి పైగా పిల్లలు! అతనికి ఓర్పు ఉండెను, పిల్లలయెడల ప్రేమ ఉండెను, వారిని క్రమములో ఉంచు నేర్పు ఉండెను. నేర్పువాడు మాత్రము లేకపోయెను.

1800వ సంవత్సరారంభమున యుద్ధకాలపు కరవు వలన బాధపడుచున్న బీదబిడ్డలను వెంటబెట్టుకొని క్రూసి బర్గ్‌డార్ఫ్ చేరెను. అక్కడ పెస్టాలజీతో కలిసెను. క్రూసికి పిల్లలను ప్రశ్నలడుగు వాడుక. ఎన్ని ప్రశ్నలడిగినను జవాబు రాకుండుట చూచి నొచ్చుకొనెడివాడు. లోపల లేనిది ప్రశ్న వలన బయటికి రాదని పెస్టాలజీ అతనికి తెలియజేసెను. బిడ్డ మొదట వస్తువును కంట చూడవలెను, చేత ముట్టవలెను, దాని పేరు పలుకవలెను. ఆ తరువాతనే ప్రశ్న. అతని వాడుకను కొట్టివేయలేదు, దానికి ముందు ఉండవలసిన మెట్టును చూపెను.

క్రూసి తరువాత టోబ్లర్ అను వేదశాస్త్ర విద్యార్థియు, బుస్ అను పుస్తకములకు అట్టలు కట్టు పనివాడును వచ్చి చేరిరి. బుస్ సంగీతమును చిత్రలేఖనమును ఎరిగినవాడు. అయితే అతడు వేసిన గీతలు పిల్లల చేతికి అందనంత కష్టముగా నుండెను. బొమ్మ గీయరాని పెస్టాలజీ వాటిని చూచి, ఇంకను సులభము చేయుమని కోరెను. మొదట బుస్‌కు ఆయన కోరిక అర్థము కాలేదు. మరల మరల ప్రయత్నించి, తుదకు నిలువుగీత, అడ్డగీత, కోణము, వంపు అను చిన్న మెట్లకు వచ్చెను. 1801లో ప్రకటించిన తన గ్రంథములో పెస్టాలజీ ఈ మువ్వురి సంగతులను దాచక వ్రాసెను. గురువు పేరొక్కటే నిలువవలెనని ఆయన తలంపలేదు.

1805 మొదలుకొని ఇవర్డన్ పట్టణపు కోటలో ఆయన బడి ప్రసిద్ధి చెందెను. అక్కడ ఉపాధ్యాయులు వారమునకు మూడు మారులు పిల్లల నడతను చదువును గూర్చి ఆయనకు లెక్క అప్పగించుచు, కూడి ఆలోచించుచు ఉండిరి. ఎవరి తరగతిని వారు తలుపు మూసికొని నడుపుకొను పద్ధతి అక్కడ లేదు. ప్రష్యా ప్రభుత్వము యౌవనులను ఈ పని నేర్చుటకై అక్కడికి పంపెను. పిల్లతోటల బడికి మూలపురుషుడైన ఫ్రోబెల్ 1808 నుండి 1810 వరకు అక్కడనే యుండెను. టిరోల్ కొండలనుండి పేదబాలుడుగా వచ్చిన ష్మిడ్ గణితములో గొప్ప ఉపాధ్యాయుడాయెను.

అయితే సత్యము చెప్పవలెను. ఈ ఇల్లు కలహము వలన కూలెను. ష్మిడ్ ఒకవైపు, నీడరర్ అను మరియొక ఉపాధ్యాయుడు ఒకవైపు నిలిచి, ఒకరి తప్పులనొకరు ఎంచుచు తుదకు న్యాయస్థానములకు ఎక్కిరి. 1815లో భార్య మరణించిన పిమ్మట పెస్టాలజీకి ఆ కలహమును అణచు శక్తి లేకపోయెను. క్రూసియు విడిచి వెళ్లెను. 1825లో ఇవర్డన్ బడి మూయబడెను. తప్పు చూపుట దిద్దుబాటు కొరకైనప్పుడు బడి పెరిగెను. గెలుపు కొరకైనప్పుడు అదే బడి చీలెను. రెండిటిలోను చూపబడినది తప్పే గాని, చూపినవారి మనస్సు వేరు.

పెస్టాలజీ నాయ్‌హోఫ్‌కు తిరిగి వెళ్లి, 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణములో కన్నుమూసెను. ఆయనను బిర్ గ్రామములో బడి యింటి ప్రక్కనే పాతిపెట్టిరి.

ఆయన పని సమాధిలో ఆగలేదు. నూలు మూటలు మోసిన క్రూసి 1833లో తన పుట్టిన ఊరైన గైస్‌లోనే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు పెద్దయై, 1844లో మరణించువరకు గురువులను తయారుచేసెను. అతని కుమారుడు అమెరికాలోని ఆస్వీగో శిక్షణ పాఠశాలలో అధ్యాపకుడాయెను. అక్కడ కొత్త ఉపాధ్యాయులు నిజమైన తరగతులలో పాఠము చెప్పగా, అనుభవము గలవారు కూర్చుండి చూచి గుణదోషములను వారికి తెలుపుట నియమముగా నుండెను.

మన గ్రామములలో బడి చెప్పు సహోదర సహోదరీలారా, ఆదివారపు బడిలో చిన్న తరగతిని పట్టుకొనియున్న యౌవనులారా, మనకు పెద్ద కోట లేదు. అయినను ఈ మాసములో ఒక్క పాఠమునకు తోటివారిని పిలిచి వెనుక కూర్చుండబెట్టుకొనవచ్చును. పాఠము ముగిసిన తరువాత, పిల్లలు వెళ్లిపోయిన పిమ్మట, రెండు సంగతులు అడుగుదము. ఏది పిల్లలకు అందెను? ఏది అందలేదు? చూడవచ్చినవారు మొదట మంచిని చెప్పవలెను. పిమ్మట దిద్దవలసినది ఒక్కటే చెప్పవలెను, పది కాదు. విన్నవారు మరుసటి వారము దానిని చేసి చూపవలెను.

పెద్దలును ఒక సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. కొండదారిలో ఆ అధికారి ఆగి మాటలాడకపోయిన యెడల క్రూసి జీవితాంతము మూటలు మోసియుండును. మన సంఘములో ఎవరు మూట మోయుచు తలాంతును దాచియున్నారో చూచి, ఆగి, పలుకరింతము.